అరూజ్ ఆఫ్తాబ్: మూడు ఆల్బమ్‌లలో ముందు ఏది వినాలి?

పాకిస్తానీ గాయని అరూజ్ ఆఫ్తాబ్‌ని కొత్తగా వినబోయేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే, ‘వల్చర్ ప్రిన్స్’. అందులోని ‘మొహబ్బత్’ పాటకు 2022లో గ్రామీ వచ్చింది, పాకిస్తాన్ కళాకారుల్లో గ్రామీ అందుకున్న మొదటి మనిషి ఆమే, దాంతో ఆ ఆల్బమ్ పేరే అందరి నోటా నానుతోంది. బాగానే ఉంది, కానీ అవార్డు వచ్చింది కాబట్టి అదే ముందు వినాలని రూలేం లేదు కదా. నా ఓటు వేరే దానికి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈవిడ సౌదీలో పుట్టి, లాహోర్‌లో పెరిగి, ఇరవై ఏళ్లన్నా నిండకుండానే బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదవడానికి వెళ్లి, ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడింది. బాణీలు తనవే, ప్రొడక్షనూ తనదే. పాడేది ఎక్కువగా ఉర్దూలో, చుట్టూ వాయించేవాళ్లలో చాలామంది జాజ్ వాళ్లు. ఫ్యూజన్, అంటే రెండు సంగీతాల కలయిక, అనగానే మనకు రిమెంబర్ శక్తి బృందం గుర్తొస్తుంది, మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ ఒకవైపు, మెక్‌లాఫ్లిన్ గిటార్ ఇంకోవైపు, పోటాపోటీగా వెళ్లి చివర్లో లెక్క తేలగానే హాలంతా చప్పట్లు. అలాంటిది ఇక్కడ ఆశించకండి. ఈవిడ పాటలో వేగం ఉండదు, పోటీ ఉండదు, గజల్ అంటే తబలా, హార్మోనియం ఉండాల్సిందే అనుకునేవాళ్లకు మొదట్లో ఏదో వెలితిగా కూడా ఉంటుంది.

ముందు ‘వల్చర్ ప్రిన్స్’ సంగతి. 2021లో వచ్చింది, ఏడు పాటలు, ముప్పావుగంటకు అటూ ఇటూ. ఇది తయారవుతున్న కాలంలోనే, 2018లో, ఆమె తమ్ముడు చనిపోయాడు, ఆల్బమ్ అతనికే అంకితం. ఆ దుఃఖం పాటల్లో అరుపుగా ఎక్కడా వినిపించదు, ఏడ్చి ఏడ్చి ఇక కన్నీళ్లు రాని మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. ‘దియా హై’లో గాలిబ్ గజల్ ఉంది, దాశరథి అనువాదాల పుణ్యమా అని గాలిబ్ మనకు పరాయివాడేం కాదు. ‘సాఁస్ లో’ ఆమె స్నేహితురాలి కవిత. ఇక ‘మొహబ్బత్’ అయితే హఫీజ్ హోషియార్‌పురీ గజల్, గజల్ గాయకుడు మెహదీ హసన్ గొంతులో తరాలుగా వింటున్నదే. దాన్ని మళ్లీ పాడటమంటే ఎవరికైనా టెన్షనే. ఈవిడేం చేసిందంటే, గిటార్ తీగలు ఒక్కో స్వరమూ విడివిడిగా, ఆగకుండా, ఒకే నడకలో మోగుతుంటే వాటి మీద గొంతును తీసుకొచ్చి పెట్టింది, గమకాలు తగ్గించింది, పాత బాణీలో వాహ్ వాహ్ అనిపించే చోట్లన్నీ తీసి పక్కన పెట్టేసింది. ప్రేమించేవాళ్లకు కొరతేం ఉండదుగానీ ఆ సభలో నేను మాత్రం ఉండనన్న మాటను తమ్ముడు పోయాక పాడితే, అది ప్రియుడికి చెప్పేదిగా మిగలదు. ఈ ఒక్క పాటకు పోటీ వచ్చేది మిగతా రెండు ఆల్బమ్‌లలోనూ లేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

మరి ఇబ్బందేంటంటే, మొత్తం ఒకేసారి వింటే నడక దాదాపు ఒకటే. రూమీ కవితను ఇంగ్లిష్‌లో రెగే (జమైకా సంగీతం) తాళానికి పాడిన ‘లాస్ట్ నైట్’ దగ్గర తప్ప ఎక్కడా మలుపు రాదు, కొత్తవాళ్లు నాలుగో పాటకల్లా ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. రెండోది, జాజ్ కోసం వచ్చినవాళ్లకు ఇందులో దొరికేది తక్కువ. హార్ప్, గిటార్, బాస్ అన్నీ ఉన్నా ఎవరి వాద్యం వాళ్లకు ముందే గీత గీసి ఇచ్చినట్టు వాయిస్తారు, గీత దాటరు. (గిటార్ అన్నాను కాబట్టి ఒక మాట: ఇందులో వాయించిన గ్యాన్ రైలీ వాళ్ల నాన్న టెర్రీ రైలీ, అమెరికన్ మినిమలిస్టుల్లో (చిన్న చిన్న స్వర ముక్కల్ని తిప్పి తిప్పి వాడి సంగీతం కట్టేవాళ్లు) పెద్ద పేరు, పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర హిందుస్తానీ నేర్చుకున్నాడు. కాబట్టి తూర్పును పడమరతో కలిపిన మొదటి మనిషి ఈవిడే అన్నట్టు రాసే రాతలు చూస్తే నాకు నవ్వొస్తుంది.)

‘లవ్ ఇన్ ఎక్సైల్’ దీనికి పూర్తిగా ఎదురు. 2023లో వచ్చింది, పియానో దగ్గర విజయ్ అయ్యర్, బాస్, మూగ్ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) మీద షహజాద్ ఇస్మాయిలీ, గొంతు ఈవిడది. అయ్యర్ తల్లిదండ్రులు అమెరికా వెళ్లిన తమిళులు, ఇస్మాయిలీ తల్లిదండ్రులు పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు, ఈవిడేమో తనే వలస వెళ్లింది. ముగ్గురూ స్టూడియోలో కూర్చుని, ముందే రాసుకున్న పాటంటూ లేకుండా, ఒకర్నొకరు వింటూ అప్పటికప్పుడు కట్టుకున్నారు. ఆరే ఆరు ట్రాకులు, మొత్తం మాత్రం గంట దాటిపోతుంది. మొదటి ట్రాకులో గొంతు వెంటనే రాదు, వచ్చాక కూడా రెండు మూడు చరణాలే, ఆపుతుంది, పియానో ఇంకెటో వెళ్తుంది, అది వెళ్లిన చోటికి ఈవిడ మెల్లగా చేరుకుంటుంది. కచేరీలో రాగం తీస్తున్నప్పుడు గాయకుడు వదిలిన చోటు పట్టుకుని వయొలిన్ ఎలా వస్తుందో గమనించే అలవాటున్నవాళ్లకు ఇది చప్పున పట్టుబడుతుంది, అదే మనోధర్మం (అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం), రాగం పేరు ఒక్కటే ఉండదు. జాజ్ అంటే సాక్సోఫోనూ, ఊగిపోయే డ్రమ్సూ అనుకునేవాళ్లు మాత్రం ఇది జాజ్ ఏంటండీ అంటారు. డ్రమ్స్ వాయించేవాళ్లే లేరు మరి. నా దృష్టిలో మూడింటిలో అసలైన జాజ్ ఇదే, ఎందుకంటే తర్వాతి నిమిషంలో ఏం జరుగుతుందో వాయించేవాళ్లకే తెలియదు.

అయితే ముందు వినాల్సిందా? వద్దు. ఓపిక కావాలి, పైగా ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది. ఇస్మాయిలీ వాయించేదంతా కింది స్థాయిలో ఉంటుంది, చిన్న స్పీకర్‌లో ఆ బాస్ వినబడక పియానో చినుకులూ గొంతూ గాల్లో వేలాడుతున్నట్టుంటాయి, అప్పుడు బోర్ కొట్టిందంటే తప్పు మీది కాదు. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

ఇక నా ఓటు ‘నైట్ రెయిన్’కి (రెయిన్ అంటే ఇక్కడ వాన కాదు, ఏలుబడి, Reign). 2024లో వచ్చింది, తొమ్మిది పాటలు. మొదటి కారణం సంగీతమే. ‘ఆటమ్ లీవ్స్’ అని జాజ్ నేర్చుకునే ప్రతివాడూ మొదట్లోనే వాయించే పాట ఒకటుంది, 1940ల్లో ఫ్రెంచ్‌లో పుట్టి ఇంగ్లిష్‌లోకి వచ్చింది, వెయ్యి మంది వెయ్యి రకాలుగా అరగదీశారు. దాని అసలు అందమంతా మెట్టు మెట్టుగా దిగే కార్డ్స్‌లో (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల్లో) ఉంటుంది. ఈవిడ ఆ మెట్లనే దాదాపు కనబడకుండా చేసేసి, కింద తాళమూ బాస్ మాత్రం నడుస్తుంటే, పైన మనకు తెలిసిన బాణీని గజల్ పాడినంత నింపాదిగా, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి పాడింది. పాట అదే, కానీ ఇల్లు మారిపోయింది. ‘వల్చర్ ప్రిన్స్’లో ఉర్దూ పాట దగ్గరికి పడమటి వాద్యాలు వచ్చాయి, ఇక్కడ ఆవిడే వాళ్ల పాటలోకి వెళ్లి తన పద్ధతిలో కూర్చుంది. వలస వెళ్లి ఇరవై ఏళ్లు అయ్యాక వచ్చే చనువు అది, చదువుకునే రోజుల్లో రాదు.

రెండో కారణం మనకు మరీ దగ్గరిది. ‘నా గుల్’, ‘సాఖీ’ ఈ రెండు పాటల కవిత్వం హైదరాబాద్‌ది, మహలఖా బాయి చందా రాసినవి. 1768లో పుట్టి 1824లో పోయిన ఈ కవయిత్రి నిజాం దరబారులో పేరున్న మనిషి, ఉర్దూలో దివాన్ (కవితల సంపుటి) వచ్చిన తొలి మహిళల్లో ఒకరు. మౌలాలి గుట్ట కింద ఆవిడ సమాధి ఉంది, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) క్యాంపస్‌లో ఆవిడ పేరుతో మెట్లబావి ఉంది. మౌలాలి మీదుగా రోజూ రైల్లో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పద్యాలు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ తిరిగి, ‘సాఖీ’లో విజయ్ అయ్యర్ పియానోతో కలిసి మళ్లీ మన చెవిన పడుతున్నాయి. హైదరాబాద్ ఉర్దూ కాస్త అలవాటున్నవాళ్లకు మాటలు కొన్నయినా అందుతాయి కూడా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ‘రాత్ కీ రానీ’లో గొంతు మీద ఆటోట్యూన్ (శ్రుతిని కంప్యూటర్‌తో సరిచేసే సాఫ్ట్‌వేర్) వేసింది, కావాలనే వేసిందని తెలుస్తూనే ఉంటుంది, అయినా నాకు మింగుడుపడలేదు, అంత మంచి గొంతు పెట్టుకుని అదేం పని? అతిథులు కూడా కాస్త ఎక్కువే, పాట పాటకీ ఒక కొత్త మనిషి. కానీ ఆ రద్దీ వల్లే ఇది కొత్తవాళ్లకు తేలిక, ఒక పాట నచ్చకపోతే తర్వాతిది వేరుగా ఉంటుంది.

అవార్డుల లెక్క కావాలంటే, ‘లవ్ ఇన్ ఎక్సైల్’ 2024లో, ‘నైట్ రెయిన్’ 2025లో గ్రామీ ఆల్టర్నేటివ్ జాజ్ విభాగంలో నామినేట్ అయ్యాయి, రెండుసార్లూ అమెరికన్ గాయని, బాసిస్ట్ మిషెల్ ఎన్‌డెగెయోచెల్లో చేతిలోనే ఓడిపోయాయి. ‘మొహబ్బత్’కు ఇచ్చింది మాత్రం గ్లోబల్ మ్యూజిక్ విభాగంలో. ఉర్దూలో పాడితే గ్లోబల్, పియానో పక్కన నిలబడితే జాజ్, ఇలా సర్దుతారు కాబోలు.

సో, మొదట ‘నా గుల్’ వినండి, నచ్చితే ‘నైట్ రెయిన్’ మొత్తం. ఆ తర్వాత ‘వల్చర్ ప్రిన్స్’ నుంచి ‘మొహబ్బత్’ ఒక్కటీ విడిగా, దాన్ని పాటల వరసలో కలిపేయకండి. ‘లవ్ ఇన్ ఎక్సైల్’ చివర్లో, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో. ఇప్పటికే జాజ్ వినేవాళ్లయితే ఈ వరసను తిరగేసి దాంతోనే మొదలుపెట్టొచ్చు. 2018లో వచ్చిన ‘సైరెన్ ఐలండ్స్’ కూడా ఉంది, పూర్తిగా ఎలక్ట్రానిక్, గొంతును ముక్కలు చేసి వాడింది, దానికి తొందరేం లేదు.