పెద్ద సంఖ్యను విడగొట్టాలంటే ఏది మేలు: వరస భాగహారమా, ఫెర్మా పద్ధతా?

పది అంకెల బేసి సంఖ్య ఇచ్చి కారణాంకాలు చెప్పమంటే చాలామంది 3, 5, 7, 11 అంటూ చిన్న ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోతారు. రెండో దారి 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా చూపించినది: ఇచ్చిన సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, ఆ వర్గాల మూలాలను ఒకసారి కూడి, ఒకసారి తీసేస్తే చాలు, కారణాంకాలు రెండూ వచ్చేస్తాయి.

ఫెర్మా తీసుకున్న ఉదాహరణ 2,02,76,51,281. దీని వర్గమూలం 45,029 దాటుతుంది కాబట్టి 45,030 దగ్గర మొదలుపెడదాం. దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేస్తే 49,619 మిగులుతుంది. ఇది వర్గం కాదని చూడగానే చెప్పొచ్చు; 9తో ముగిసే వర్గానికి పదుల స్థానంలో ఎప్పుడూ సరి అంకే ఉంటుంది. తర్వాత 45,031. మళ్లీ వర్గం కట్టక్కర్లేదు, పాత తేడాకి 90,061 (45,030, 45,031ల మొత్తం) కలిపితే 1,39,680. చివర ఒక్కటే సున్నా, కాబట్టి ఇదీ కాదు. ఇలా పన్నెండో అడుగులో, 45,041 దగ్గర, 10,40,400 తగులుతుంది. అది 1,020 వర్గం. ఇక 45,041కి 1,020 కలిపితే 46,061, తీసేస్తే 44,021. అయిపోయింది! భాగహారంతో అయితే ఇక్కడికి చేరేలోపు నాలుగు వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో కుస్తీ పట్టాలి.

ఇది చూసి ఫెర్మా పద్ధతికే ఓటేస్తే 4,29,49,67,297 దగ్గర బోర్లా పడతాం. ముప్పైరెండు 2లను గుణించి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఇది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో గణితవేత్త ఆయిలర్ దీన్ని 641, 67,00,417గా విడగొట్టాడు. ప్రధాన సంఖ్యల వరసలో 641 నూటపదహారోది, ఓపికుంటే చేత్తోనే తేల్చొచ్చు. ఫెర్మా పద్ధతిలో మాత్రం 32 లక్షలకు పైగా అడుగులు. ఆయన సంఖ్య ఆయన పద్ధతికే లొంగకపోవడం తమాషా. కారణం సంఖ్య సైజు కాదు, కారణాంకాల మధ్య దూరం. భాగహారం కింది నుంచి పైకి వెతుకుతుంది, ఫెర్మా పద్ధతి వర్గమూలం దగ్గర మొదలై దూరంగా జరుగుతుంది.

ఆయిలర్ మాత్రం ఈ రెండూ పక్కనపెట్టి, ఈ సంఖ్య కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలని ముందే తేల్చుకున్నాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో దానికే పని పూర్తి. సంఖ్యకు ఇలాంటి ప్రత్యేక రూపం ఉంటే నా ఓటు దీనికే.

ఏ రూపమూ తెలియని సంఖ్య అయితే ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో భాగహారం, అది తేలకపోతేనే ఫెర్మా అడుగులు కొన్ని. వందల అంకెల సంఖ్యకు మామూలుగా రెండూ చాలవు. అయినా రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ తాళాలు తయారుచేసేటప్పుడు ఆ రెండు సంఖ్యలూ మరీ దగ్గరగా లేకుండా చూసుకుంటారు. ఉంటే ఈ పాత పద్ధతే వాటిని కొద్ది అడుగుల్లో విప్పేస్తుంది.