హోలీ కార్డుల ఆల్బం కొనేవారికి హెచ్చరిక: జేబుల ప్లాస్టిక్ ఏదో ముందే అడగండి

కడపలోని మా ఇంట్లో మూడు తరాలుగా చేరిన హోలీ కార్డులు, అంటే క్యాథలిక్కులు దాచుకొనే, పునీతుల బొమ్మలు అచ్చువేసిన చిన్న కార్డులు, అరవై దాకా ఉన్నాయి. మొదటి దివ్యసత్ప్రసాదం నాడు పంచినవి, గురుపట్టాభిషేకాల జ్ఞాపకంగా ఇచ్చినవి, వేళాంగణి నుంచి, గుణదల తిరునాళ్ల నుంచి తెచ్చుకొన్నవి, గతించిన బంధువుల ఫొటోతో అచ్చువేయించినవి అందులో ఉన్నాయి. ఇన్నేళ్లూ అవి అవ్వ జపపుస్తకంలోనూ, ఒక బిస్కెట్ల డబ్బాలోనూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని వరుసగా అమర్చి ఇంట్లో ప్రార్థన చేసుకొనే పీఠం పక్కన ఉంచుకోవాలన్న కోరికతో, గత ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు వద్ద 850 రూపాయలకు ఆల్బం తెప్పించాను.

'యాసిడ్ రహితం, జీవితకాలం భద్రం' అని ప్రకటనలో ఉంది. ఆ మాట నల్లటి అట్ట పుటల గురించే తప్ప, కార్డును నేరుగా తాకే జేబుల గురించి కాదని ఆలస్యంగా గ్రహించాను. ఆ జేబులు పీవీసీ అనే రకం మెత్తని ప్లాస్టిక్‌తో చేసినవి. పొట్లం విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమన్నది. అనుమానించవలసిన క్షణం అదే.

జూన్ 13న పునీత అంతోనివారి పండుగ కావడంతో, ఆయన కార్డును పీఠం మీద పెట్టాలని ఆల్బం తెరిచాను. కార్డు కదలలేదు. అంచు పట్టుకొని మెల్లగా లాగితే, చిర్రుమన్న చప్పుడుతో ఆయన చేతుల్లోని బాలయేసు ముఖం జేబు లోపలి పొరకే అంటుకుపోయి, కార్డు మీద ఆ చోట తెల్లని కాగితపు నూగు మాత్రం మిగిలింది. వెనుక అవ్వ పెన్సిలుతో రాసుకొన్న మా నాన్నగారి జ్ఞానస్నానపు తేదీ నిలిచింది, అదొక్కటే ఊరట. మరో పదకొండు కార్డులు అలాగే అతుక్కుని ఉన్నాయి.

పీవీసీ స్వతహాగా గట్టిది కాబట్టి, దానిని మెత్తబరచడానికి నూనె వంటి రసాయనాలు కలుపుతారు. అవి కాలక్రమంలో పైకి ఊరి, అచ్చురంగును మెత్తబరచి ప్లాస్టిక్‌కు అంటిస్తాయి. పైగా పీవీసీ పాతబడేకొద్దీ వెలువడే ఆమ్లం కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఇదంతా వేగంగా జరుగుతుంది. మన కడప ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. అమ్మకందారుకు ఫొటోలు పంపితే, 'ఏడు రోజుల గడువు దాటింది, వేడికి అలాగే అవుతుంది' అని జవాబిచ్చారు. వేడికి అలా అయ్యే వస్తువును జీవితకాలం భద్రమని అమ్మడం అన్యాయం.

అందువల్ల కొనే ముందు జేబులు పీవీసీ కాకుండా పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అనే ప్లాస్టిక్‌తో చేసినవేనా అని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ప్లాస్టిక్ రకాన్ని తెలిపే త్రికోణపు గుర్తు ఉంటే అందులో 5 అంకె పాలీప్రొపిలీన్‌ను, 3 అంకె పీవీసీని సూచిస్తుంది. జవాబు దాటవేసేవారి వద్ద కొనకండి. జిగురు పుటల మీద పారదర్శకపు పొర కప్పే ఆల్బంలు చవకగా దొరికినా వాటి జోలికి పోవద్దు; ఆ జిగురు పసుపుబారి, కార్డును వదలదు. లామినేషన్ చేయించమని చెప్పేవారుంటారు గానీ, ఒకసారి వేడితో అతికించిన ఆ పొరను మళ్లీ తీయలేము.

పీఠం దగ్గర పెట్టుకోదలిస్తే, ఎండ తగలని, కొవ్వొత్తి పొగ సోకని చోట, అద్దానికీ కార్డుకూ మధ్య సందు ఉండేలా అట్ట చట్రంతో ఫ్రేము కట్టించండి. మరీ పాతదైతే కలర్ జిరాక్సును పైన ఉంచి అసలును లోపల దాచడం మేలు.

ఇప్పటికే అతుక్కున్నవాటిని మాత్రం లాగకండి. నేను ఆ పదకొండు కార్డులనూ జేబుల పైనుంచే స్కాన్ చేయించి, చుట్టూ ప్లాస్టిక్ కత్తిరించి, అలాగే ఉంచాను. ఆశీర్వదించిన వస్తువు పాడైతే చెత్తలో వేయకుండా కాల్చడమో, మట్టిలో పూడ్చడమో శ్రీసభ సంప్రదాయం. అంతోనివారి కార్డు విషయంలో ఆ పనికి నాకు మనసొప్పలేదు. అది మళ్లీ అవ్వ జపపుస్తకంలోనే ఉంది.