లక్ష్మమ్మ వత్తు కోసం మారాను: డబ్ల్యూఎక్స్‌పైథాన్‌తో మూడు సీజన్లు

మిర్యాలగూడలో మా బాబాయికి రైస్ మిల్లు ఉంది. కాటా గదిలో కంప్యూటర్ పాతది, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. వడ్ల లారీ కాటా ఎక్కగానే బరువు తెర మీద పడాలి. రైతు పేరు, ఊరు, తేమ శాతం, బస్తాలు కొట్టి చీటీ ఇవ్వాలి. అంతే పని. దీనికి మొదట పైథాన్ భాషతో పాటే వచ్చే టికింటర్ పట్టుకున్నాను, కిటికీలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్ అది. హైదరాబాద్‌లో నా ల్యాప్‌టాప్ ఉబుంటు. రైతుల జాబితా తెరిచి వీడియో కాల్‌లో చూపిస్తే బాబాయి ఒకటే మాట అన్నాడు: "ఇవేం అక్షరాలు బిడ్డా, వత్తులన్నీ పక్కకు పడ్డయ్!" నిజమే. లక్ష్మమ్మలో క, ష, మ దేనికది నిలబడింది. త్రిపురారం అనే ఊరి పేరు అసలు చదవడానికే రాలేదు.

అప్పుడు మారాను డబ్ల్యూఎక్స్‌పైథాన్‌కు. ఇది డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీకి పైథాన్ తొడుగు, అంటే కిటికీలు, బటన్లు కట్టే ఆ రెడీమేడ్ కోడ్‌ను పైథాన్ నుంచి వాడుకోనిస్తుంది. ఆ లైబ్రరీని 1992లో ఎడిన్‌బరా యూనివర్సిటీలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టాడు. అప్పటి పేరు డబ్ల్యూఎక్స్‌విండోస్. మైక్రోసాఫ్ట్ కోరిన మీదట 2004లో పేరు మార్చారు. ఇంత ముసలి లైబ్రరీ మనకెందుకు అని నేనూ అనుకున్నాను. ఆడాసిటీ, ఫైల్‌జిల్లా దీనితోనే కట్టారని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది.

దీని కిటుకు ఒక్కటే. బటన్‌ను, టెక్స్ట్ పెట్టెను తాను గీయదు. విండోస్‌లో విండోస్‌ను అడుగుతుంది, లినక్స్‌లో జీటీకేను, మ్యాక్‌లో కోకోవాను. తెలుగు అక్షరాలు కలపడం ఆ సిస్టమ్‌లకు ఎప్పుడో వచ్చు. నేను ఒక్క లైను అదనంగా రాయకుండానే లక్ష్మమ్మ వత్తులు కిందికి చేరాయి. కాకపోతే బరువుల పట్టికకు వాడిన గ్రిడ్ మాత్రం లైబ్రరీ సొంతంగా గీసుకునేది. అందులో అక్షరం బాగానే వచ్చింది గానీ వరుస ఎత్తు చాలక వత్తుల అడుగు తెగింది. ఎత్తు పెంచి, ఫాంట్ నిర్మలా యూఐ పెడితే సరిపోయింది.

రెండో లాభం నేను ఊహించనిది. మా గుమస్తా మౌస్ ముట్టడు. ట్యాబ్, ఎంటర్, బాణం గుర్తులు, అంతే. అన్నీ సిస్టమ్ సొంత పెట్టెలే కాబట్టి కీబోర్డు నడక దానంతట అదే వచ్చేసింది. చూపు లేనివాళ్లకు తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ కూడా తన సెట్టింగుల కిటికీలకు డబ్ల్యూఎక్స్‌పైథాన్‌నే వాడుతుంది. ఒక మెలిక ఉంది: ట్యాబ్ కొడితే తెర మీద కనిపించే వరుసలో కాదు, కోడ్‌లో పెట్టెలను పుట్టించిన వరుసలో వెళ్తుంది. నేను తేమ శాతం పెట్టెను చివర్లో చేర్చాను. పాపం గుమస్తా వారం పాటు ఊరు నుంచి బస్తాలకు, బస్తాల నుంచి వెనక్కి తేమకు దూకాడు.

ఇక తిట్లు.

సైజర్లు. పెట్టెలను కిటికీలో సర్దే పద్ధతి ఇది. అర్థమయ్యాక హాయిగా ఉంటుంది, అయ్యేదాకా నరకం. నిండా సాగమని చెప్పి, అదే పెట్టెను కుడివైపు జరగమని కూడా చెబితే కొత్త వెర్షన్లు ఎర్రర్ విసురుతాయి. పాత ఉదాహరణల్లో సగం అలాగే రాసి ఉంటాయి. ఇంకోటి, పైథాన్ 3.10 నుంచి కొలతల్లో దశాంశం ఇస్తే ఒప్పుకోదు. వెడల్పును మామూలు భాగహారంతో సగం చేశానని ప్రోగ్రాం తెరుచుకోనే లేదు. పూర్ణాంక భాగహారం గుర్తు పెట్టాక తెరుచుకుంది.

లినక్స్‌లో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో దీన్ని ఎక్కించబోయి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. మొత్తం సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను కూర్చుని కంపైల్ చేస్తుంది. ఉబుంటు వాళ్లు సిస్టమ్ సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌లో ఉన్న రెడీమేడ్ ప్యాకేజీ తీసుకోండి. విండోస్‌లో ఈ బాధ లేదు.

అసలు దెబ్బ కాటా దగ్గర తగిలింది. బరువు సీరియల్ కేబుల్ మీద వస్తుంది. దాన్ని చదివే పని వేరే థ్రెడ్‌కు (ప్రోగ్రాంలోనే పక్కన సమాంతరంగా నడిచే దారికి) ఇచ్చి, అక్కడి నుంచే నేరుగా తెర మీద అంకె మార్చాను. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. నవంబరులో, బయట లారీలు బారులు తీరి ఉండగా, రోజుకు మూడు సార్లు బిగుసుకుపోయింది. బాబాయి ఫోన్ మోగితేనే నాకు టెన్షన్. తప్పు నాదే: తెరను ముట్టే హక్కు మెయిన్ థ్రెడ్‌కే ఉంది, వేరే థ్రెడ్ తన మాటను కాల్‌ఆఫ్టర్ అనే ఫంక్షన్ ద్వారా పంపాలి. ఒక్క లైను మార్చాను, ఆ తర్వాత బిగుసుకోలేదు. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంది, కానీ అందులో చాలా పేజీలు సీ ప్లస్ ప్లస్ వాళ్లకోసం రాసినట్టే ఉంటాయి. నాకు నిజంగా నేర్పింది డబ్ల్యూఎక్స్‌పైథాన్ డెమో ప్రోగ్రాం. ఒక్కో పెట్టెను నడిపి చూపిస్తుంది, పక్కనే దాని కోడ్. ముందు అది తెరవండి.

ఎవరికి వద్దు? గుండ్రటి బటన్లు, రంగుల హంగులు కావాలంటే వద్దు. అదే ప్రోగ్రాం ఫోన్‌లో కూడా కావాలంటే వద్దు. లైసెన్సు మాత్రం ఉదారమైనది, మీ కోడ్ బయటపెట్టకుండానే ప్రోగ్రాం అమ్ముకోవచ్చు. క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని వెంట మోసుకొచ్చే ఎలక్ట్రాన్ లాంటివి ఆ 4 జీబీ కంప్యూటర్‌లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఒక్కటి ఇంకా తేలలేదు, చీటీ ప్రింటు. లైబ్రరీ ప్రింటింగ్ వాడితే పేజీ అంతా బొమ్మగా వెళ్తుంది. తెలుగు అందంగా పడుతుంది, కానీ మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ దాన్ని గీసేలోపు వెనక లారీ హారన్ కొడతాడు. అందుకే ప్రస్తుతానికి చీటీ మీద పేరు ఇంగ్లీషులోనే, నేరుగా ప్రింటర్‌కు పంపుతున్నాను. లక్ష్మమ్మ తెర మీద మాత్రమే తెలుగులో ఉంది.