రియల్‌టైమ్ పనికి బీగిల్‌బోన్ బ్లాక్

రియల్‌టైమ్ పనికి, అంటే కచ్చితంగా అనుకున్న క్షణానికే జరగాల్సిన పనికి, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఈ చిన్న లినక్స్ కంప్యూటర్ బోర్డులో ఉన్నది 1 గిగాహెర్ట్జ్ కోర్టెక్స్ ఏ8 ప్రాసెసర్, 512 మెగాబైట్ల ర్యామ్ మాత్రమే కనుక, లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) దాని మీదే కంపైల్ చేయబూనడం ఓపికకు పరీక్షే. ల్యాప్‌టాప్‌లో ఆర్మ్ క్రాస్ కంపైలర్‌తో (బోర్డులోని ఆర్మ్ ప్రాసెసర్‌కు సరిపోయే కోడ్‌ను వేరే యంత్రం మీద తయారుచేసే సాధనంతో) నిర్మించి మెమరీ కార్డులోకి ఎక్కించుకోవడం మేలు. 2024లో వచ్చిన లినక్స్ 6.12లో కెర్నల్‌ను రియల్‌టైమ్ పనికి అనువుగా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ చేరినప్పటికీ, ఈ బోర్డులోని 32 బిట్ల ఆర్మ్‌కు అందులో చోటు దక్కలేదు కాబట్టి నేను దాని ప్యాచ్ (కెర్నల్ కోడ్‌కు చేసే మార్పులు) విడిగా వేసుకోక తప్పలేదు.

ల్యాప్‌టాప్‌లోని గ్లిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ) బోర్డులోని దానికన్నా కొత్తది కావడంతో నా ప్రోగ్రాము మొదట మొరాయించింది (తప్పు పూర్తిగా నాదే). బోర్డు ఫైల్‌సిస్టమ్‌నే కంపైలర్‌కు సిస్‌రూట్‌గా (లైబ్రరీలను వెతకాల్సిన చోటుగా) చూపాక సర్దుకుంది.

అసలు ఆకర్షణ 200 మెగాహెర్ట్జ్‌తో నడిచే రెండు పీఆర్‌యూలు (ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచే చిన్న కోర్లు): లినక్స్ ఎంత తీరిక లేకుండా ఉన్నా, స్టెపర్ మోటారుకు (అడుగులు అడుగులుగా తిరిగే మోటారు) పల్సులు తప్పకుండా అందించగలవు. వాటికి వేరే కంపైలర్ కావాలి.