ఫోన్ క్లిప్ మాక్రో లెన్స్: కొన్నేళ్లు ప్యాటర్న్‌లు తీశాక నా సమీక్ష

చిన్న వస్తువుల్ని దగ్గర్నించి పెద్దగా చూపే ఈ మాక్రో లెన్స్‌ని ఫోన్‌కి తగిలించుకోవచ్చు. దీన్ని కొని కొన్నేళ్లయింది. ధర వెయ్యి రూపాయల లోపే. ఇలాంటివి చాలా పేర్లతో దాదాపు ఒకే తీరుగా వస్తున్నాయి కాబట్టి బ్రాండ్ జోలికి వెళ్లను. ఆకు ఈనెలు, చీర నేత, ముగ్గులు, ఎండిన చెరువులో నెర్రెలు, ఇలా ఒకే రూపం వరసగా కనబడితే చాలు, ఆగి ఫొటో తీస్తాను. ఆ పనికి ఈ లెన్స్ ఎంతవరకు అక్కరకొస్తుందో చెబుతాను.

ఎంత దగ్గరికి వెళ్తే ప్యాటర్న్ అంత బాగా కనబడుతుందని కొనేముందు అందరం అనుకుంటాం. చాలా వాటి విషయంలో అది నిజం కాదు. ఒక రూపం ఫ్రేమ్‌లో కనీసం నాలుగైదుసార్లు వస్తేనే కంటికి ఆ వరస తెలుస్తుంది. ఈ లెన్స్ పెట్టాక ఫ్రేమ్‌లో పట్టేది సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు. అంత చిన్న చోటులో పదేపదే వచ్చే రూపాలకే ఇది పనికొస్తుంది. చుక్కల ముగ్గు మీద పెడితే పిండి రేణువులు కనబడతాయి, ముగ్గు మాయమవుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కల్ని చుట్టి వచ్చి మొదలైనచోటే కలవడం చూపించాలంటే లెన్స్ తీసేయాలి. అరుగు మీదో మెట్ల మీదో నిలబడి, ఫోన్‌ని నేలకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. పొద్దున్నే ఏటవాలు ఎండలో అయితే పిండి గీతలకు సన్నని నీడ పడి ముగ్గు ఉబ్బెత్తుగా కనబడుతుంది.

చెరువు నెర్రెలదీ అదే దారి. కొత్తగా ఎండిన మట్టిలో పగులు పాత పగుల్ని చేరేచోట దాదాపు లంబకోణంలో కలుస్తుంది. అదే నేల తడిసి ఎండి, మళ్లీ తడిసి ఎండితే ఆ కలయికలు మెల్లగా మూడు వైపులా సమానంగా, 120 డిగ్రీల దగ్గరికి సర్దుకుంటాయి. ఈ తేడా కనబడాలంటే నిలబడి తీయాల్సిందే, వంగి కాదు.

ఇక లెన్స్ నిజంగా గెలిచే చోట్లు. వానాకాలంలో ట్యూబ్‌లైట్ కింద రాలిపడిన తూనీగ రెక్కని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ముందు అంచు వెంబడి గళ్లు ఎక్కువగా నాలుగు పలకలుగా, గట్టిగా ఉంటాయి. వెనక్కి వచ్చేకొద్దీ ఐదు, ఆరు పలకలవుతాయి. రెక్క కొనకు దగ్గర్లో ఒక చిన్న రంగు మచ్చ కనిపిస్తుంది. మిగతా రెక్క కంటే బరువైన ఆ గడి, గాలిలో జారుతున్నప్పుడు రెక్క అదరకుండా చూస్తుంది. మామూలు కెమెరాలో అది ఒక చుక్క మాత్రమే.

పొద్దుతిరుగుడు పువ్వుకి రెండూ కావాలి. నంద్యాల వైపు చేలల్లో తీసేటప్పుడు ముందు ఫోన్‌తో పువ్వు మొత్తం, తర్వాత లెన్స్‌తో నడిమధ్యన ఇంకా విచ్చని మొగ్గలు తీస్తాను. కొత్తగా వచ్చే ప్రతి మొగ్గ ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల దూరంలో మొలుస్తుంది. అందుకే రెండు దిక్కులా సుడులు ఏర్పడతాయి. పువ్వు మొత్తం ఉన్న ఫొటో మీద రంగు గీతలు గీసి లెక్కపెడితే ఎక్కువగా ఒకవైపు 34, మరోవైపు 55 వస్తాయి. పెద్ద పువ్వుల్లో 55, 89 కూడా ఉంటాయి. అన్ని పువ్వులూ ఈ లెక్కకు కుదరవు. కుదరని పువ్వు దొరికితే నాకు ఇంకా ఆసక్తి.

నా దృష్టిలో ఈ లెన్స్ డబ్బులు రాబట్టింది మాత్రం బట్టల దగ్గరే. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఎప్పుడో వచ్చినా, ప్రింట్ వేసిన బట్టని ఆ పేరుతో అమ్మేవాళ్లకు కొదవ లేదు. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు. అందువల్ల డిజైన్ అంచు దగ్గర లెన్స్ పెడితే ఒక్కో పోగు రంగు ఒక్కోచోట మారుతూ, అంచు పోగు పొడవునా ఈకలా చెదిరి కనబడుతుంది. పడుగుకు (నిలువు పోగులకు) మాత్రమే ముడులు కట్టి రంగు వేస్తే చెదరడం ఒక దిక్కునే ఉంటుంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టలో పడుగు, పేక (అడ్డ పోగులు) రెండూ ముడులు కట్టి రంగు వేసినవే కాబట్టి రెండు దిక్కులా చెదురుతుంది. ప్రింట్‌లో అంచు గీత పడుగుని, పేకని ఒకేలా కోసుకుంటూ పోతుంది. తిరగేసి చూస్తే వెనకవైపు రంగు వెలసినట్టు ఉంటుంది. కొందరు ప్రింట్‌లోనే చెదిరిన అంచు వేస్తున్నారు, అందుకని వెనకవైపు కూడా తప్పకుండా ఫొటో తీయండి. వారాల తరబడి కూర్చుని ముడులు కట్టినవాళ్ల కష్టానికి రావాల్సిన ధర నకిలీకి పోకూడదని నా పట్టుదల.

చీర మొత్తం తీసేటప్పుడు ఫోన్ తెర మీద ఇంద్రధనుస్సులాంటి అలలు వస్తే కంగారు పడక్కర్లేదు. పోగుల వరసకీ కెమెరా సెన్సార్ గళ్లకీ పొంతన కుదరక వచ్చేవి అవి. అడుగు ముందుకో వెనక్కో జరిగితే పోతాయి.

వాడకంలో ఇబ్బందులు ఉన్నాయి. ఫ్రేమ్ నడిమధ్య పదునుగా ఉంటుంది, అంచులు మసకబారి రంగులు విడిపోతాయి. చదునైన బట్టకి ఇది పెద్ద లోపం. ఫొటో అంచుల్ని కత్తిరించి మధ్యభాగమే వాడుకుంటాను. ఫోకస్ లోతు, అంటే ముందూ వెనకా స్పష్టంగా కనబడే మేర, చాలా తక్కువ, కాబట్టి మోచేతులు దేనికైనా ఆనించి, ఊపిరి బిగబట్టి, ఫోన్‌నే ముందుకీ వెనక్కీ జరపాలి. వస్తువు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది గనుక ఫోన్ నీడ దానిమీదే పడుతుంది. కిటికీ పక్కన కూర్చుని ఎదురువైపు తెల్ల కాగితం నిలబెడితే వెలుతురు సరిపోతుంది. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు దగ్గరికి వెళ్లగానే తమంతట తాము వేరే కెమెరాకి మారిపోతాయి. సెట్టింగ్స్‌లో ఆ ఆటో మాక్రో ఆపేయకపోతే తెర నల్లబడుతుంది, లెన్స్ పాడైందనుకుని టెన్షన్ పడతారు.

క్లిప్ స్ప్రింగ్ మొదటి ఏడాదిలోనే వదులైంది. లోపలి రబ్బరు అరిగిపోయి ఫోన్ గ్లాసు మీద గీత పడింది. అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు. సైకిల్ ట్యూబ్ ముక్క కత్తిరించి అతికించాక ఇప్పటివరకు బాగానే ఉంది. వానాకాలంలో బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లంతో కలిపి డబ్బాలో ఉంచుతాను.

మీ ఫోన్ అల్ట్రావైడ్ కెమెరాకి ఆటోఫోకస్ ఉంటే ముందు దాంతోనే ఒక ఆకు, ఒక చీర అంచు తీసి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది. విడిగా 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉన్న ఫోన్లకైతే ఈ క్లిప్ చాలా మెరుగు. కొనేటప్పుడు క్లిప్ నోరు మీ ఫోన్ మెయిన్ కెమెరా దాకా అందుతుందో లేదో కొలుచుకోండి. కెమెరాలు అంచుకి దూరంగా ఉన్న కొన్ని ఫోన్లకు అందదు.