ఇంట్లో పోసుకున్న సమాధి రాయి: ఏడు వానాకాలాల తర్వాత

మా నాయన సమాధి రాయిని నేనే సిమెంటుతో పోశాను. దేవరకొండ దగ్గర మా ఎర్ర చెలకలో, వేపచెట్టు పక్కన, 2018 పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, నిలబెట్టాం. రాయి ఇప్పటికీ నిటారుగానే ఉంది. అక్షరాల సంగతే వేరు.

డబ్బులు మిగులుతాయని మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఒక పలకకు సిమెంటు పది పదకొండు కిలోలకు మించి పట్టదు, నిజమే. కానీ నేను ఒక పలక పగలగొట్టి రెండోది పోశాను. ప్లైవుడ్డు, రబ్బరు షీటు, ఆటో కిరాయి అన్నీ కలిపితే చిన్న గ్రానైటు ముక్క ధరకు దగ్గరగానే వచ్చింది. అయినా పోసిందెందుకంటే, నాయన మేస్త్రీ. ఆయన తాపీ ఇంట్లో ఖాళీగా పడి ఉండడం నాకు నచ్చలేదు.

కొలత మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, మూడంగుళాల మందం. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు వాగు ఇసుక, మూడు పాళ్లు సన్న కంకర. ఆరాక అరవై కిలోల పైనే తూగింది. ఒక్కరి వల్ల కాదు.

మొదటి పలక మే నెలలో, ఆరుబయట పోశాను. మధ్యాహ్నానికల్లా పైనంతా వెంట్రుకవాసి పగుళ్లు. మేస్త్రీ కొడుకునై ఉండి నీడలో పోయాలన్న తెలివి లేకపోయింది. రెండోది వానలు పడ్డాక కొట్టంలో పోసి, తడి గోనెసంచి కప్పి, పది రోజులు పొద్దున సాయంత్రం తడిపాను. దాని మధ్యలో ఇప్పటికీ ఒక్క నెర్ర లేదు.

తెలుగు అక్షరాలను అచ్చులో పోయడం ఇంకో బాధ. పలకను బోర్లా పోస్తాం కాబట్టి అక్షరాలు అద్దంలో కనబడినట్టు తిరగేసి ఉండాలి. ఫ్లెక్సీ షాపులో అలా తిప్పి ప్రింటు తీసిచ్చారు, ఫొటో కూడా వేయమంటారా అని అడిగారు. థర్మాకోల్‌తో అక్షరాలు కోసి అడుగున అంటించాను. కంకర పడగానే తలకట్లు విరిగాయి, వత్తులు ఊడాయి. నాయన పేరు చివర ఉండే 'య్య'లో వత్తు పోయి ఉత్త 'య' మిగిలింది. పేరులోని మర్యాదే పోయినట్టయింది. పగుళ్లతో పాటు ఆ పలకను పగలగొట్టడానికి అదీ ఒక కారణం. రెండోసారి చెప్పులకు వాడే రబ్బరు షీటు కోశాను. అది గట్టిగా నిలబడింది. వత్తుల్ని కాస్త పెద్దగా, గీతల్ని లావుగా కోయండి. చూడ్డానికి మోటుగా ఉన్నా చదవడానికి వస్తాయి.

ఇక రంగు. గుంటల్లో ఎర్ర ఎనామిల్ వేశాను, అదీ పలక పోసిన నెలకే. ఏడాదిన్నరకు పొరలు పొరలుగా లేచింది. కొత్త సిమెంటులో సున్నపు గుణం ఎక్కువ, అది నూనె రంగును తినేస్తుందని తర్వాత తెలిసింది. 2020లో గీకేసి, బయటి గోడలకు వేసే నీళ్ల రంగు నల్లది వేశాను. కొంచెం వెలిసింది గానీ లేవలేదు. ఒకసారి చెప్పి వదిలేసే మాట కాదు ఇది: కొత్త సిమెంటు మీద ఎనామిల్ వద్దు.

ఇంకో తప్పు ఇనుము. ఎనిమిది ఎంఎం చువ్వలు రెండు మధ్యలో వేశాను. వాటిలో ఒకదాని కొస అంచుకు జరిగింది, నేను చూసుకోలేదు. ఐదో ఏట అక్కడ తుప్పు ఉబ్బి, అరచేతి మందాన మూల పెచ్చు లేచింది. ఆ మూలనే మేకలు వీపు రుద్దుకుంటాయి.

వెంటనే నిలబెట్టకపోవడం మాత్రం మంచిదైంది. ఒక వానాకాలం గడిస్తే గానీ బొంద మీది మట్టి కుంగి సర్దుకోదు. మా పెదనాయన వాళ్లు నెలలోపే నిలబెట్టారు, అదిప్పుడు పడమటికి ఒరిగింది. మేము ఆగి, తవ్వని గట్టి నేల దొరికే చోట, తలవైపు, అడుగు లోతు గుంతలో దించి చుట్టూ కంకర దట్టించాం. కృష్ణ ఒడ్డున ముడుమాలలో పేరూ అక్షరమూ లేని నిలువురాళ్లు మూడు వేల ఏళ్లకు పైగా నిలబడే ఉన్నాయి. వాటి ముందు నా ఏడేళ్లు ఏపాటి? కానీ పాతడంలో తొందరపడకూడదన్నది అక్కడికి పోయినప్పుడు అర్థమైంది.

చదవడానికి ఏది మేలని అడిగితే, షాపులో చెక్కించిన నల్ల గ్రానైటే. చిన్నాయనది అదే. పాతిక అడుగుల నుంచి పేరు కనబడుతుంది. నాది దగ్గరికొచ్చి చూడాలి.

కానీ నా రాయిలో అసలు లోపం అమ్మ మొదటి పెత్రమాస నాడే పట్టుకుంది. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, "దీపం ఏడ పెట్టాలె కొడుకా?" అంది. గూడు లేదు! అక్షరాల యావలో దాని ఊసే మర్చిపోయాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ సగం పగిలిన కుండను అడ్డం పెట్టి వెలిగిస్తున్నాం. గాలి తిరిగితే ఆరిపోతుంది. గట్టిపడ్డ పలకలో ఇప్పుడు గూడు తొలిస్తే రాయి నిలవదు.

మొన్న పెత్రమాసకు కుండ సర్దుతూ, "నాకన్న గూడు మర్వకు" అంది. అట్లాంటి మాటలు మాట్లాడకని కసిరాను. ఇంటికొచ్చి కొలతైతే రాసి పెట్టుకున్నాను: ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తు, తూర్పు ముఖం.