టవర్ క్లాక్ దగ్గర అంగడి రూమా, బెంగళూరు ఆఫీసుల్లో వాటానా?

పొలం అమ్మిన డబ్బు అమ్మ చేతికొచ్చాక ఇంట్లో తలా ఒక మాట అన్నారు. హైవే పక్క వెంచర్‌లో ఐదు సెంట్లు కొందామని అన్న, అనంతపురం టౌన్లో టవర్ క్లాక్ దగ్గర అంగడి రూము కొని బాడుగకిద్దామని మామ, రీట్ యూనిట్లు, అంటే బెంగళూరులాంటి చోట్ల ఆఫీసు బిల్డింగుల్లో చిన్న వాటాలు, తీసుకుందామని నేను. అమ్మకు కావాల్సింది మాత్రం ఒక్కటే: మందులకూ ఇంటి ఖర్చుకూ ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు.

ఆ లెక్కన ప్లాటు కుదరదు. పదేళ్ల కిందట మేం కొన్నది ఇంకా అట్లే ఉంది. ఏటా కంపచెట్లు కొట్టించే కూలి మా జేబులోంచే పోతోంది. పోయినసారి వెళ్లి చూస్తే రెండు హద్దురాళ్లు లేవు. రేటు పెరిగిన మాట నిజమే, కానీ అమ్మితే తప్ప రూపాయి రాదు.

రూము మంచిదే. తాళం మన చేతిలో ఉంటుంది. అయితే కొన్నరోజే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం కట్టాలి. పైగా ఉన్నది ఒక్క రూము, ఒక్క బాడుగ. మామ రూములో ఉన్నాయన ఖాళీ చేస్తే నాలుగు నెలలు షట్టరు లేవలేదు. ఆ నాలుగు నెలలూ అమ్మ మందులు ఆగవు కదా.

రీట్ అంటే పెద్ద ఆఫీసు బిల్డింగులను ఒక ట్రస్టు కిందికి తెచ్చి, వాటాలు చేసి స్టాక్ మార్కెట్లో పెట్టడం. మన దేశంలో మొదటిది ఎంబసీ రీట్, 2019లో వచ్చింది. బెంగళూరు మాన్యతా టెక్ పార్క్ దాని కిందదే. హైదరాబాద్ మాదాపూర్ మైండ్‌స్పేస్ ఉన్న రీట్ 2020లో వచ్చింది. మన జిల్లా పిల్లలు పొద్దున్నే కార్డు చూపించి లోపలికి పోయే బిల్డింగులే ఇవి. అక్కడి కంపెనీలు కట్టే బాడుగలో పిసరంత అమ్మ ఖాతాలో పడుతుంది.

స్టాక్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సెబీ నిబంధన ప్రకారం కనీసం 80 శాతం ఆస్తులు కట్టడం పూర్తయి బాడుగ తెచ్చేవే ఉండాలి. పంచడానికి వీలైన మిగులులో 90 శాతం యూనిట్లున్నవాళ్లకు ఇచ్చేయాలి. 2021 నుంచి ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. ఆసుపత్రి ఖర్చొస్తే కావాల్సినన్నే అమ్ముకోవచ్చు. రూములో ఒక గోడ అమ్మలేం కదా!

భయం లేదని చెప్పను. యూనిట్ ధర షేరులాగే దిగుతుంది. కరోనా తర్వాత జనం ఇంటి నుంచే పనిచేస్తుంటే ఆఫీసు ఫ్లోర్లు ఖాళీ అయ్యాయి. వడ్డీరేట్లు పెరిగినా దెబ్బే. అందుకే డబ్బంతా అందులో పెట్టలేదు. సగం రెండు రీట్లలో, సగం పోస్టాఫీసులో వేశాం.

“కంటికి కనపడని బిల్డింగును నమ్మేదెట్లరా?” అంది అమ్మ. మొదటిసారి డబ్బు పడ్డాక బ్యాంకుకు తీసుకెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించా. ఆ గీత మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

టవర్ క్లాక్ చుట్టుపక్కల ఇప్పటికే రూము ఉండి, చూసుకునే మనిషి ఊళ్లోనే ఉంటే మాత్రం దాన్ని అమ్మి రీట్ కొనమని నేననను.